పంచి ఇచ్చిన ఆస్తే పదిలమైన ఆస్తి

హజ్రత్ మూసా (అలైహిస్సలాం), హజ్రత్ ఖిజర్ (అలైహిస్సలాం)ల ప్రయాణ వృత్తాంతం మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసినదే. దివ్య ఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాలో అది వివరంగా ఉంది. ఆకలితో ఒక ఊరికి చేరిన ఆ ఇద్దరికీ ఆ ఊరివారు అన్నం పెట్టడానికి నిరాకరించారు. అయినా ఆ ఊళ్లో కూలిపోబోతున్న ఒక గోడను హజ్రత్ ఖిజర్ నిలబెట్టారు. అందుకు కూలి కూడా పుచ్చుకోలేదు. కారణం తరువాత తెలిసింది. ఆ గోడ కింద ఇద్దరు అనాథ బాలుర నిధి ఉంది. వారి తండ్రి సజ్జనుడు. ఆ పిల్లలు యుక్తవయస్కులై తమ నిధిని తామే వెలికితీసుకోవాలన్నది అల్లాహ్ సంకల్పం.

ఒక తరం కూడబెట్టినది మరో తరానికి చేరడం గురించి ఎవరైనా అడిగినప్పుడు మేము మొదట ఈ గోడనే గుర్తు చేస్తాము. సంతానం కోసం నాలుగు రాళ్లు వెనకేయడం దోషం కాదని ఈ వృత్తాంతం చెబుతున్నది. అదే సమయంలో, ఆ నిధి చివరకు చేరవలసిన వారికే చేరడం ముఖ్యమని కూడా చెబుతున్నది. మొదటి విషయంలో మన కుటుంబాలకు ఎవరూ నేర్పవలసిన పని లేదు. గల్ఫ్ ఎడారిలో చెమటోడ్చి ఇంటి స్థలం కొన్నవారు, చిన్న దుకాణం నడుపుతూ బిడ్డకు కాసు కాసు బంగారం కూర్చినవారు మన చుట్టూ ఎందరో ఉన్నారు. మన లోపమంతా రెండవ విషయంలోనే ఉంది. కళ్లు మూసిన తరువాత ఆ ఆస్తి ఎవరెవరికి ఎంతెంత చెందుతుందో మన ఇళ్లలో నోరెత్తి మాట్లాడుకోము. మాట్లాడితే చావును పిలిచినట్లు భావిస్తాము. ఆ మౌనమే రెండు తరాలు గడిచేసరికి కోర్టు వ్యాజ్యంగానో, అన్నదమ్ముల మధ్య పగగానో, ఆడబిడ్డల గుండెల్లో చెప్పుకోలేని బాధగానో మారుతున్నది.

ఈ మాట ఇతరులను ఉద్దేశించి మాత్రమే రాయడం లేదు. మా ఇంటి సంగతి కూడా ఇదే.

మా ఇంటి నాలుగు ఎకరాలు

మా తాతగారు 1986లో పరమపదించారు. అప్పటికి మా నాయనమ్మ, మా తండ్రిగారు, చిన్నాన్న, మేనత్త ఉన్నారు. తాతగారికి నాలుగు ఎకరాల మాగాణి ఉండేది. నాయనమ్మ బతికున్నంత కాలం ఎవరూ దాని ఊసెత్తలేదు. ఆమె గతించిన తరువాత మా తండ్రిగారు, చిన్నాన్న చెరి రెండు ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. మేనత్త వచ్చి సంతకం చేసి వెళ్లారు. ఆమెను ఎవరూ బలవంతం చేయలేదు. కానీ ఆమె వాటా ఎంతో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ప్రతి రంజాన్ పండుగకు మా తండ్రిగారు ఆమెకు చీర, కొంత సొమ్ము తప్పకుండా పంపేవారు. దానితో అంతా సరిపోయిందని అందరమూ అనుకున్నాము.

ఇక మా సంగతి. వారసత్వ శాస్త్రంపై ఇమామ్ సిరాజుద్దీన్ సజావందీ రచించిన ‘సిరాజీ’ గ్రంథాన్ని మేము ఇరవై ఏళ్లకు పైగా మదరసాలో బోధిస్తున్నాము. భార్యకు ఎంత, తల్లికి ఎంత, కుమార్తెకు ఎంత అని ఏటా పలకపై లెక్కలు వేయిస్తాము. మూడేళ్ల క్రితం ఒకనాడు పాఠం ముగిశాక ఒక విద్యార్థి ఏ దురుద్దేశమూ లేకుండా అడిగాడు: “హజ్రత్, మీ ఇంట్లో భూమి ఇలాగే పంచుకున్నారా?” ఆ పిల్లవానికి వెంటనే సమాధానం చెప్పలేకపోయాము.

ఆ రాత్రి లెక్క వేసి చూశాము. తాతగారికి భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. తల్లిదండ్రులు అంతకు ముందే గతించారు. ఇలాంటి కుటుంబంలో ఆస్తిని 40 భాగాలు చేయాలి. సంతానం ఉంది గనుక భార్యకు ఎనిమిదో వంతు, అంటే 5 భాగాలు. మిగిలిన 35 భాగాలు కుమారునికి రెండు, కుమార్తెకు ఒకటి చొప్పున పంచితే ఒక్కో కుమారునికి 14, కుమార్తెకు 7 వస్తాయి. నాలుగు ఎకరాలంటే 400 సెంట్లు. ఒక భాగం 10 సెంట్లు. అంటే నాయనమ్మకు 50 సెంట్లు, మా తండ్రిగారికి, చిన్నాన్నకు చెరి 140 సెంట్లు, మేనత్తకు 70 సెంట్లు. నాయనమ్మ మరణించాక ఆమె 50 సెంట్లు ముగ్గురు బిడ్డలకు చెందాలి: కుమారులకు 20 చొప్పున, కుమార్తెకు 10. మొత్తం మీద మేనత్త హక్కు 80 సెంట్లు. మా తండ్రిగారి రెండు ఎకరాల్లో 40 సెంట్లు, చిన్నాన్న రెండు ఎకరాల్లో 40 సెంట్లు ఆమెవే.

మా తండ్రిగారు అప్పటికే గతించారు. ఆయన రెండు ఎకరాలను మా అమ్మ, మేము, మా తోబుట్టువులు షరీఅత్ ప్రకారమే పంచుకున్నామని మేము గర్వపడేవారము. ఆ రాత్రి మాకు అర్థమైంది, మేము పంచుకున్న దానిలో 40 సెంట్లు మా తండ్రిగారివే కావు. ఒక తరం ఆపిన హక్కును రెండో తరం వారసత్వం పేరిట తినేసింది. మేనత్త కూడా అప్పటికి లోకంలో లేరు.

ఉహుద్ అమరుని కుమార్తెలు

ఈ తప్పు కొత్తది కాదు. ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయనకు ఇద్దరు కుమార్తెలు. అరబ్బుల పాత ఆచారం ప్రకారం వారి పినతండ్రి వచ్చి ఆస్తినంతా స్వాధీనం చేసుకున్నాడు. ఆ బిడ్డల తల్లి వారిని వెంటబెట్టుకొని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వచ్చి మొర పెట్టుకున్నారు. ఆస్తి లేకపోతే వీరికి పెళ్లిళ్లు కూడా కావని వాపోయారు. అల్లాహ్ దీనిపై నిర్ణయం చేస్తాడని ఆయన (స) ఆమెతో అన్నారు. తరువాత నిసా సూరాలోని వారసత్వ ఆయత్‌లు అవతరించాయి. అప్పుడు ఆయన (స) ఆ పినతండ్రిని పిలిపించి, కుమార్తెలిద్దరికీ మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది తాను తీసుకోమని ఆదేశించారు.

ఒక వితంతువు తన ఆడబిడ్డల హక్కు కోసం వేసిన అడుగు ఈ శాసనానికి సందర్భమయింది. నమాజు రకాతుల సంఖ్య ఖుర్ఆన్‌లో లేదు, జకాత్ పరిమాణం లేదు. అవి మనకు సున్నత్ ద్వారా తెలిశాయి. వారసత్వ వాటాలలో ప్రధానమైనవాటిని మాత్రం అల్లాహ్ తానే సగం, పావు, ఎనిమిదో వంతు అంటూ ఖుర్ఆన్‌లోనే నిర్ణయించాడు. ఆ వెంటనే వాటిని తన హద్దులుగా పేర్కొని, మీరినవారికి కఠిన శిక్ష ఉందని హెచ్చరించాడు. పంచే అధికారం మనకు వదిలిపెట్టలేదని దీనిని బట్టి గ్రహించాలి. చనిపోయిన క్షణంలోనే ప్రతి వారసుని వాటా అతని సొంతమవుతుంది. తరువాత పెద్దలు కూర్చుని పంచడమంటే ఎవరిది వారికి అప్పగించడమే.

వాయిదాకు చెప్పే సాకులు

మా వద్దకు వారసత్వ సమస్యలతో వచ్చేవారి నోట కొన్ని మాటలు పదే పదే వింటాము. వాటిలో కొన్ని మా ఇంట్లోనూ విన్నవే.

“అమ్మ బతికుండగానే పంపకమా, లోకం ఏమనుకుంటుంది?” అంటారు. తల్లిపై గౌరవంతోనే అనవచ్చు. కానీ ఆ తల్లి కూడా వారసురాలే. ఎనిమిదో వంతు ఆమె సొంతం. అది ఆమె చేతికి అందితే మందుల ఖర్చుకు కోడళ్ల ముఖం చూడవలసిన అవసరం ఉండదు. పంచకుండా ఉంచడం వల్ల ముందుగా నష్టపోయేది ఆ తల్లే.

“చెల్లెలి పెళ్లికి లక్షలు ఖర్చు పెట్టాము గదా” అంటారు. పెళ్లి ఖర్చు తండ్రో అన్నో ప్రేమతో చేసినది. కట్నం ఇచ్చి ఉంటే అది మనం చేసిన మరో తప్పు. రెండూ వారసత్వానికి బదులు కావు. ఒక తప్పు చేసి, దానిని చూపించి మరో హక్కును ఎగవేయడం ఏ న్యాయం?

“తనే వద్దంది” అంటారు. అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. తన వాటా ఎంతో తెలియని మనిషి వద్దనడానికి విలువ ఏముంది? ఆమె ఎందుకు వద్దంటుందో అన్నదమ్ములు తమ మనసును తాము అడిగి చూసుకోవాలి. మా మేనత్త ఒకసారి మా అమ్మతో అన్నారట, “పుట్టింటి తలుపు నాకు మూసుకోకుండా ఉంటే చాలు వదినా.” అది త్యాగం కాదు, భయం. నోటితో వద్దన్నంత మాత్రాన యాజమాన్యం పోదని మన హనఫీ ధర్మవేత్తలు స్పష్టం చేశారు. ముందు ఆమె వాటా లెక్కగట్టి ఆమెకు అప్పగించాలి. తరువాత ఆమె ఇష్టపూర్వకంగా ఎవరికైనా బహూకరించుకోవచ్చు. లేదా తన వాటా తెలిసి, దానికి బదులుగా కొంత సొమ్మో వస్తువో పుచ్చుకొని తప్పుకోవచ్చు. దీనినే ఫిఖ్హ్‌లో తఖారుజ్ అంటారు.

“వ్యవసాయ భూమిలో ఆడపిల్లకు చట్టం ప్రకారం వాటా లేదు” అని కూడా కొందరంటారు. 1937 నాటి షరియత్ చట్టం మొదట వ్యవసాయ భూములను మినహాయించిన మాట నిజమే. అయితే 1949లో నాటి మద్రాసు రాష్ట్రంలో చేసిన సవరణతో ఆ మినహాయింపు తొలగిపోయింది. ఆంధ్ర జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. చట్టం సంగతి ఎలా ఉన్నా, అల్లాహ్ ఆజ్ఞలో పొలానికీ ఇంటికీ తేడా లేదు.

“పంచితే ముక్కలై పోతుంది, ఉమ్మడిగా ఉంటేనే నిలుస్తుంది” అనేది చివరి మాట. వాటాలు తేల్చడం వేరు, గోడలు కట్టడం వేరు. ఇంటిని ముక్కలు చేయలేకపోతే ఒకరు ఉంచుకొని మిగిలినవారికి నేటి ధర ప్రకారం చెల్లించవచ్చు. దుకాణం అద్దెనో, పొలం కౌలునో ఎవరి వాటా ప్రకారం వారికి ఏటా పంచవచ్చు. వాటాలు కాగితం మీద తేలి ఉంటే ఉమ్మడి ఆస్తి తరాల పాటు నిలుస్తుంది. వాటాలు తేలకపోతే ముగ్గురి ఆస్తి కాస్తా మనవల నాటికి ముప్పై మందిది అవుతుంది. అప్పుడు ఒక్కరి సంతకం దొరక్క అమ్మడానికీ వీలుండదు, కట్టుకోవడానికీ వీలుండదు. తాళం పడి పైకప్పు కూలిన ఇళ్లు మన పాత మొహల్లాల్లో ఎన్ని లేవు?

బతికుండగా చేయవలసినవి

మరణానికి ముందే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. వీటికి డబ్బు కంటే తీరిక ముఖ్యం.

మొదటిది లెక్క రాయడం. అప్పులను రాసుకోవాలని ఆదేశించే బఖరా సూరా ఆయత్ ఖుర్ఆన్ మొత్తంలోనే సుదీర్ఘమైనది. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుండి ఎంత రావాలి, ఎవరి అమానత్ మన ఇంట్లో ఉంది, భార్య మహర్ చెల్లించామా లేదా, చెల్లించని జకాత్ ఏమైనా ఉందా, భూమి కాగితాలు, బంగారం, బ్యాంకు పుస్తకాలు ఎక్కడ ఉన్నాయి — ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి, ఆ పుస్తకం ఎక్కడుందో భార్యకు, పెద్ద బిడ్డలకు చెప్పాలి. భార్య పేర కొన్నది నిజంగా ఆమెకు ఇచ్చినదా, పేరు మాత్రమే ఆమెదా అన్నది కూడా రాయాలి.

రెండవది వసీయత్. రాయవలసిన విషయం ఉన్న ముస్లిం వసీయత్ రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని దైవప్రవక్త (స) బోధించారు. అయితే దానికి హద్దు ఉంది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మక్కాలో తీవ్రంగా జబ్బుపడినప్పుడు, తనకు ఒక్క కుమార్తె మాత్రమే ఉందని, ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేయవచ్చా అని అడిగారు. ఆయన (స) వద్దన్నారు. సగం అన్నా వద్దన్నారు. మూడో వంతుకు అనుమతించి, అది కూడా ఎక్కువేనన్నారు. వారసులను పరుల ముందు చేయి చాచే స్థితిలో వదలడం కంటే కలిగినవారిగా వదలడమే మేలని తెలియజేశారు. కాబట్టి వసీయత్ మూడో వంతుకు మించరాదు. వాటా ఉన్న వారసునికి అదనంగా రాస్తే మిగిలిన వారసులు మరణానంతరం సమ్మతిస్తేనే చెల్లుతుంది. ఒక కుమారుడు తండ్రి కంటే ముందే చనిపోతే, వేరే కుమారులు ఉన్నప్పుడు అతని పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదు. ఆ అనాథ మనవలను ఆదుకోవడానికి వసీయత్‌ను మించిన మార్గం లేదు. ఈజిప్టులో 1946లో దీనిని చట్టంగానే చేశారు. మన దగ్గర అది తాతగారి బాధ్యత. వసీయత్‌నామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా ఇద్దరు నమ్మకస్తులైన సాక్షుల సంతకాలు తీసుకొని, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించడం వివాదాలను తగ్గిస్తుంది.

మూడవది హిబా, అంటే జీవితకాలంలో బహూకరణ. ఇస్తున్నానని ప్రకటించడం, పుచ్చుకునేవారు అంగీకరించడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ ఉంటేనే హిబా పూర్తవుతుంది. ఈ మూడూ ఉన్నప్పుడు రిజిస్టర్ కాని హిబా పత్రం కూడా చెల్లుతుందని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాగితం రాసి తాళంచెవి, కౌలు, అధికారం అన్నీ తన చేతిలోనే ఉంచుకుంటే మాత్రం అది హిబా కాదు. పిల్లల మధ్య సమానత్వం పాటించాలి. హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి)కి ఆయన తండ్రి ఒక కానుక ఇచ్చి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరగా, పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని అడిగి, లేదని తెలిసి సాక్షిగా ఉండడానికి నిరాకరించారు. మరణశయ్యపై చేసే హిబాకు వసీయత్‌కు ఉన్న హద్దులే వర్తిస్తాయి. కుమార్తెల వాటా తప్పించడానికి చివరి రోజుల్లో కుమారుల పేర రాయించేవారు ఇది గుర్తుంచుకోవాలి.

బ్యాంకులో రాసిన నామినీ గురించి కూడా ఒక మాట. డిపాజిట్ సొమ్మును బ్యాంకు నామినీ చేతికి ఇస్తుంది. అంతమాత్రాన అది అతని సొంతం కాదు. వారసులందరి తరఫున తీసుకొని వారికి అందించవలసిన బాధ్యత అతనిది.

ఇంటి పెద్ద కన్నుమూశాక

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వ్యక్తి భార్యను, ఇద్దరు కుమారులను, ఒక కుమార్తెను వదలి వెళ్లాడు. ఆస్తి విలువ 46 లక్షలు. ముందుగా కఫన్, ఖననం ఖర్చులు తీయాలి. వాటిని ఇక్కడ బంధువులు ఇష్టపూర్వకంగా భరించారనుకుందాం. తరువాత అప్పులు. బయటి అప్పు 4 లక్షలు, చెల్లించని మహర్ లక్ష. మహర్ కూడా అప్పే; అది భార్యకు వాటా కాకుండా విడిగా రావలసినది. ఆ తరువాత వసీయత్. అనాథ మనవరాలికి లక్ష రాశాడు. ఇక మిగిలిన 40 లక్షలే వారసత్వం. భార్యకు 5 లక్షలు, ఒక్కో కుమారునికి 14 లక్షలు, కుమార్తెకు 7 లక్షలు. మృతుని తల్లి గానీ తండ్రి గానీ జీవించి ఉంటే ఒక్కొక్కరికి ఆరో వంతు వస్తుంది, లెక్క మారుతుంది. కాబట్టి ప్రతి కుటుంబం తమ వారసుల జాబితాతో తెలిసిన ఆలిమ్‌ను, ఆ వెంట ఒక న్యాయవాదిని సంప్రదించాలి. ఈ పని వీలైనంత త్వరగా, దుఃఖంలో మనసులు మెత్తగా ఉన్నప్పుడే జరగడం మేలు. వారసులలో మైనర్లు ఉంటే వారి వాటా నుండి అతిథి మర్యాదలకు, దానధర్మాలకు ఒక్క రూపాయి కూడా తీయరాదు. అనాథల సొమ్ము తినేవారు తమ కడుపులను అగ్నితో నింపుకుంటున్నారని నిసా సూరా హెచ్చరిస్తున్నది.

ఎనభై సెంట్లు

మా సంగతికి వద్దాము. మరునాడే చిన్నాన్న దగ్గరకు వెళ్లి లెక్క చూపించాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, “అక్క ఏనాడూ అడగలేదు గదరా” అన్నారు. అడగలేదు గనుకనే మన మెడ మీద ఉంది చిన్నాన్నా అన్నాము. ఆయన ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మా తోబుట్టువులలో ఒకరికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఆ వాటా భూమి అప్పటికే అమ్ముడై ఉంది గనుక విలువ కట్టి సొమ్ము ఇవ్వవలసి వచ్చింది.

మేనత్త భర్త ఆమె కంటే ముందే గతించారు. ఆమెకు ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు. 80 సెంట్లలో కుమారునికి 40, కుమార్తెలకు 20 చొప్పున లెక్క తేల్చి రాసి ఇచ్చాము. ఇన్నేళ్ల కౌలులో ఆమె వంతు కూడా లెక్కగట్టాము. అది మా శక్తికి మించింది. కొంత చెల్లించాము, మిగిలినది వారు ముగ్గురూ క్షమించారు. మేనత్త కుమారుడు కాగితాలు అందుకుంటూ, “ఈ మాట అమ్మ ఉండగా చెప్పి ఉంటే బాగుండేది” అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ మాటకు మా దగ్గర సమాధానం లేదు. ఆమె చివరి రెండేళ్లు మందులకు ఎంత ఇబ్బంది పడ్డారో మాకు ఆనాడే తెలిసింది.

భూమి తగ్గింది. కానీ మిగిలినది ఏ సంకోచమూ లేకుండా మా పిల్లలకు వదలగలమన్న ధైర్యం కలిగింది. ఇప్పుడు సిరాజీ పాఠం మొదలుపెట్టే ముందు ప్రతి విద్యార్థి చేత వారి ఇంటి వారసుల పట్టిక రాయిస్తున్నాము. ఎవరి ఇంట్లో ఏ అత్త, ఏ చెల్లెలు, ఏ నాయనమ్మ లెక్కలో లేకుండా పోయారో ఆ పిల్లలే కనుక్కొని వస్తున్నారు.

ఈ సంచిక చేతిలో ఉన్న ప్రతి సోదరునికీ, సోదరికీ మా విన్నపం ఒక్కటే. ఈ రాత్రి ఇషా నమాజు తరువాత ఒక కాగితం తీసుకోండి. మీ తాతగారి ఆస్తి ఎవరెవరికి చెందవలసిందో రాయండి. చేరనివారు ఎవరైనా కనిపిస్తే, వారు జీవించి ఉండగానే వెళ్లి తలుపు తట్టండి. మన సంతానపు నిధిపై నిలబడే గోడ మన సత్ప్రవర్తనే. పరుల హక్కు కలిసిన ఇటుకలతో కట్టిన గోడ ఎంతో కాలం నిలవదు.

అల్లాహ్ మనందరికీ హక్కుదారుల హక్కులు చెల్లించే సద్బుద్ధిని, మన తప్పులను మనం బతికుండగానే సరిదిద్దుకునే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.